ప్లైవుడ్ దిగుమతులు: జపాన్ దారి వేరు, అమెరికా దారి వేరు

మా కడపలో ఒకప్పుడు వంటింటి అరలకు కడప బండలే వేసేవాళ్లం. ఇప్పుడు అంతా ప్లైవుడ్. మొన్న వడ్రంగి మా ఇంట్లో కోసిన ముక్క అంచు చూశాను. పలచని పొరలు, ఒకదాని మీద ఒకటి అడ్డంగా అతికించి ఉన్నాయి. లెక్కపెడితే తొమ్మిది. ఈ ప్లైవుడ్‌ను బయటి నుంచి తెచ్చుకోవడంలో ఒక్కో దేశానిది ఒక్కో దారి.

జపాన్ చాలాకాలం ఫిలిప్పీన్స్, ఇండోనేషియా, మలేషియాలోని సబా నుంచి దుంగలు తెచ్చుకుని సొంత మిల్లుల్లో ప్లైవుడ్ చేసుకునేది. 1985లో ఇండోనేషియా దుంగల ఎగుమతి పూర్తిగా ఆపేసింది. ఆ పొరలు ఒలిచే పని, ఆ కూలి తమ జనానికే దక్కాలని. నాకైతే న్యాయంగానే అనిపిస్తుంది. దాంతో జపాన్‌కు దుంగల బదులు తయారైన షీట్లు దిగాయి. తర్వాత, రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక జపాన్‌లో నాటిన సుగి (జపాన్ దేవదారు) చెట్లు కోతకొచ్చాయి. మిల్లులు మళ్లీ సొంత కలప పట్టాయి, దిగుమతులు తగ్గాయి.

అమెరికా సంగతి వేరు. 2000 తర్వాత చైనా నుంచి గట్టి చెక్క ప్లైవుడ్ వెల్లువలా వచ్చింది. 2018 జనవరిలో దాని మీద యాంటీ డంపింగ్ సుంకాలు, అంటే సరుకు మరీ చవగ్గా దింపుతున్నారని వేసే అదనపు పన్నులు, వేశారు. చైనా సరుకు పడిపోయింది గానీ వియత్నాం, ఇండోనేషియా షీట్లు ఆ చోటుకి వచ్చేశాయి. దిగుమతి ఆగలేదు, ఓడ బయలుదేరే రేవు మారిందంతే. అందుకే నాకు జపాన్ పద్ధతే నచ్చింది. అక్కడ చెట్టు నాటినవాళ్లు ఉన్నారు.