పిల్లదేవత గదికి మనిషికి నాలుగు వేలు: మా తోనో యాత్ర

జపాన్ పల్లెకథలంటే ఇష్టం ఉన్నవాళ్ళు తోనో వెళ్తామంటే తప్పకుండా వెళ్ళమంటాను. కానీ అక్కడ "జాషికి వారాషి (ఇంటికి సిరి తెచ్చే పిల్లదేవత) వచ్చే గది" అని అద్దె మీద అద్దె అడిగే చోట మాత్రం దిగకండి. ఊరంతా ఇంచుమించు ఊరికే ఇచ్చేదాన్ని ఆ ఒక్క బసలో మాకు మనిషికి 4,000 యెన్లకు అమ్మారు. ఆ మంట ఇంకా చల్లారలేదు, అందుకే కూర్చుని రాస్తున్నా.

వెళ్ళింది మేం నలుగురం. నేను, మా ఆయన, మూడో తరగతి చదివే మావాడు, కాకినాడ నుంచి మా దగ్గరికి వచ్చిన అత్తయ్య. మేం ఉండేది టోక్యోలో నిషికసాయి. అత్తయ్య శాకాహారి, గుడ్డు కూడా ముట్టరు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మా గొడవంతా దీని చుట్టూనే.

తోనో ఇవాతే ప్రిఫెక్చర్‌లో కొండల మధ్య ఉన్న చిన్న ఊరు. టోక్యో నుంచి షిన్ హనమకి దాకా షింకన్‌సెన్ బుల్లెట్ రైల్లో మూడు గంటలు, మనిషికి 14,000 యెన్లకు కాస్త అటూ ఇటూ. అక్కడ కమైషి లైన్‌లో చిన్న రైలు ఎక్కితే గంట లోపే దిగిపోతాం. ఆ చిన్న రైళ్ళు మాత్రం తక్కువ, టైమ్ చూసుకునే బయల్దేరండి. ప్రయాణం గురించి ఇంతకన్నా చెప్పుకోవడానికేం లేదు.

అక్కడికే ఎందుకంటే, యానగిత కునియో అనే ప్రభుత్వోద్యోగి ఈ ఊరి కుర్రాడు ససాకి కిజెన్ నోటి నుంచి విన్న 119 కథలను 1910లో పుస్తకంగా వేశాడు. మొదట అచ్చయినవి 350 ప్రతులే. జపాన్‌లో జానపద పరిశోధన మాట వస్తే ఇప్పటికీ ముందు ఆ పుస్తకం పేరే చెబుతారు. అనగనగా ఒక రాజు అన్న తరహా కథలు కావవి. ఫలానా పల్లెలో ఫలానా వాళ్ళ ఇల్లు, ఫలానా వాగు అని గుర్తులు చెప్పి మరీ చెబుతాడు. అందుకే ఆ చోట్లకి నడిచి వెళ్ళి చూడొచ్చు. అంతకుముందు మేం సకైమినాతో అనే ఊరు వెళ్ళి వీధి పొడుగునా ఉన్న కార్టూన్ దయ్యాల కంచు బొమ్మలన్నీ చూశాం. పిల్లలకి సరదాగానే ఉంటుంది గానీ అది కార్టూన్ల లోకం. తోనో సంగతి వేరు.

స్టేషన్ దగ్గర్లోనే కథల మ్యూజియం ఉంది. మా దగ్గర తీసుకున్న టికెట్ పెద్దలకు 510 యెన్లు. 1909లో యానగిత ఈ ఊరొచ్చినప్పుడు దిగిన తకజెన్ సత్రం కూడా ఆ ఆవరణలోనే భద్రంగా ఉంది. ఇప్పుడక్కడ దిగనివ్వరు, దిగనిస్తే ఈ వ్యాసమే ఉండేది కాదు. పక్కనే చిన్న వేదిక మీద ఒక పెద్దావిడ మోకాళ్ళ మీద కూర్చుని కథ చెప్పింది. "ముకాషి, అత్తాజు మోనా" అని మొదలుపెట్టి, "దొందో హారె" అని ముగిస్తారు. అచ్చమైన తోనో యాస. జపనీస్ పరీక్షలు పాసైన మా ఆయనకే సగం అర్థం కాలేదు. మావాడు మాత్రం నోరు తెరుచుకుని విన్నాడు.

ఆవిడ చెప్పింది జాషికి వారాషి కథ. కలిగినవాళ్ళ ఇళ్ళలో లోపలి గదిలో చిన్నపిల్ల రూపంలో ఉండే దేవత అది. ఉన్నన్నాళ్ళూ ఇంటికి సిరి, వెళ్ళిపోయిందంటే ఆ ఇల్లు మునిగినట్టే. యమగుచి పల్లెలో మగోజఎమోన్ అనే ఆసామి ఇంట్లో అలాంటి ఆడపిల్లలు ఇద్దరుండేవారట. ఒకరోజు పొద్దుగూకే వేళ ఊళ్ళో ఒకాయనకి వంతెన దగ్గర ముక్కూమొహం తెలియని పిల్లలిద్దరు ఎదురయ్యారు. ఎక్కణ్ణుంచమ్మా అంటే మగోజఎమోన్ ఇంటి నుంచి అన్నారు, ఎక్కడికంటే పక్క ఊళ్ళో ఇంకొకరి ఇంటికి అన్నారు. ఇక మగోజఎమోన్ పని అయిపోయిందనుకున్నాడాయన. కొన్నాళ్ళకే ఆ ఇంటి బేరిచెట్టు చుట్టూ ఎప్పుడూ చూడని పుట్టగొడుగులు మొలిచాయి. యజమాని తినొద్దన్నాడు. పాలేరు ఒకడు మాత్రం, ఏ పుట్టగొడుగైనా నీళ్ళ తొట్టిలో వేసి జనపపుల్లలతో బాగా తిప్పితే విషం పోతుందన్నాడు. అందరూ వాడి మాటే విన్నారు. యజమానులూ పనివాళ్ళూ కలిపి ఇరవై మందికి పైగా ఒక్కరోజులో పోయారు. ఏడేళ్ళ పిల్ల ఒక్కతే ఆటలో పడి మధ్యాహ్నం అన్నానికి రావడం మర్చిపోయి బతికింది. తర్వాత చుట్టాలమంటూ జనం దిగి వంటింట్లో మిసో (సోయా ముద్ద) దాకా ఊడ్చుకుపోయారు.

ఇంటిని ముంచింది దేవత వెళ్ళిపోవడమా, జనపపుల్ల మీద నమ్మకమా? నాకైతే రెండోదే అనిపించింది. అత్తయ్యకి తర్జుమా చేసి చెబితే, "ఆ చుట్టాలు మన వైపు వాళ్ళలాగే ఉన్నారే" అన్నారు.

ఇక ఆ బస. పేరు రాయను. ఊరి బయట పాత రైతు ఇల్లు, ఫోటోల్లో ముచ్చటగా ఉంటుంది. రెండు పూటల భోజనంతో మనిషికి 12,500 యెన్లు, "జాషికి వారాషి గది"కి ఇంకో 4,000. పిల్లాడికీ పూర్తి రేటే, పరుపు వాడతాడు కదా అన్నారు. నలుగురికీ కలిపి 66,000. రూపాయల్లో 35,000 దాటుతుంది. నాలుగు అంకె చావుని గుర్తుచేస్తుందని చాలాచోట్ల గది నంబర్లలోంచే తీసేసే దేశమిది. వసూళ్ళలో మాత్రం ఎవరికీ పట్టింపు లేదు.

గదిలో ఒక చెక్క అర, దాని మీద బొమ్మలు, దారం బంతులు, బొంగరాలు. ఒక బొమ్మ పాదం కింద వంద యెన్ల దుకాణం స్టిక్కర్ అలాగే ఉంది. గోడ మీద కాగితం: బొమ్మలు ముట్టుకోవద్దు, ఫోటోలో తెల్లటి గుండ్రని మచ్చలు కనబడితే పిల్లదేవత మీ దగ్గరికి వచ్చినట్టు. మా ఆయన ఫ్లాష్ వేసి ఒకటి తీశాడు. గదిలో ఉన్న దుమ్ముకి ఆ లెక్కన ఒక బడి పిల్లలంతా వచ్చేసినట్టు మచ్చలే మచ్చలు.

భోజనం సరిగ్గా ఆరింటికి. బుక్ చేసేటప్పుడే ఫోన్‌లో మాంసం వద్దు, చేప వద్దు, గుడ్డు వద్దు, చేపలు కాచిన నీళ్ళు కూడా వద్దని మా ఆయన ఒకటికి రెండుసార్లు చెప్పాడు. అలాగేనండి అన్నారు. తీరా కూర్చున్నాక అత్తయ్య ముందు పెట్టింది ఏమిటి? పుట్టగొడుగుల పులుసు! మధ్యాహ్నం ఆ కథ విని వచ్చిన మనిషి ముందు! పైగా రసం మాత్రం చేపదేనట, "ముక్కలు వేయలేదు కదండీ" అని వివరణ. దాని పక్కన వేడి టోఫూ, మీద పల్చటి చేప రేకులు. ఆవిరికి అవి మెలికలు తిరుగుతూ కదులుతుంటే అత్తయ్య కుర్చీ వెనక్కి జరిపి, "ఒరేయ్, ఇది ఇంకా బతికే ఉందిరా" అన్నారు.

సరే, తెల్లన్నం ఉంది కదా అని నేను బ్యాగులోంచి కందిపొడి డబ్బా తీశా. యజమాని పరుగున వచ్చాడు. బయటి తిండి ఇక్కడ తినకూడదు, ఫుడ్ పాయిజనింగ్ అయితే మా మీదికి వస్తుంది అని. కందిపొడితో ఫుడ్ పాయిజనింగ్! ఎంత బతిమాలినా నవ్వుతూ, వంగి వంగి దండాలు పెడుతూ కాదన్నాడు. అరిచేవాళ్ళతో పోట్లాడొచ్చు, దండాలు పెట్టేవాడితో ఏం చేస్తాం? చివరికి అత్తయ్య ఉత్త అన్నం, ముల్లంగి ఊరగాయతో లేచారు. రాత్రి గదిలో జంతికలు తిన్నారు.

ఆ ఇంట్లో మెచ్చుకోదగ్గ మనిషి ఒకరే, పరుపులు వేయడానికి వచ్చిన పెద్దావిడ. అత్తయ్య ఫోన్‌లో దిక్సూచి తీసి చూస్తే తలగడలు ఉత్తరానికి ఉన్నాయి. ససేమిరా పడుకోనన్నారు. సిగ్గుపడుతూనే ఆవిడకి చెప్పా. ఆవిడ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. జపాన్‌లోనూ ఉత్తరం తలాపు శవానికేనట, గది ఇరుకని అలా వేసిందట. మాట్లాడకుండా నాలుగు పరుపులూ లాగి తిప్పేసింది. ఈలోగా మావాడు పిల్లదేవతని పిలుద్దామని ఈల వేశాడు. ఇద్దరు పెద్దవాళ్ళూ ఒకేసారి, ఒకరు తెలుగులో ఒకరు జపనీస్‌లో, రాత్రిపూట ఈల వేస్తే పాములొస్తాయని గదమాయించారు. తర్వాత ఒకరినొకరు చూసుకుని తెగ నవ్వుకున్నారు. ఆ 4,000లో ఏదైనా గిట్టుబాటు అయిందంటే అదే.

అర్ధరాత్రి గోడ అవతల టకటకమని చప్పుడు. మావాడు నా చెయ్యి పట్టుకుని, "అమ్మా, వచ్చింది" అన్నాడు. మా ఆయన వెళ్ళి చూసొచ్చాడు. వేణ్ణీళ్ళ బాయిలరు.

పొద్దున్న బిల్లు దగ్గర, అత్తయ్య రెండు పూటలూ తిననే లేదు, ఏమైనా తగ్గించమన్నాం. కుదరదన్నాడు. పోనీ పిల్లదేవత రాలేదు కదా, ఆ డబ్బైనా తగ్గించండి అన్నాడు మా ఆయన, సగం హాస్యంగా. "వచ్చే ఉంటుందండి, మీరు నిద్రపోయి ఉంటారు" అన్నాడు!

ఇక్కడ ఒకమాట. జాషికి వారాషికి నిజంగా పేరుపడ్డ సత్రం తోనోలో లేదు. ఇవాతే ఉత్తరాన నినోహెలో, కిందాయిచి వేడినీటి బుగ్గల దగ్గర ఉన్న ర్యొకుఫూసో అది. 2009లో కాలిపోయింది, మళ్ళీ కట్టి 2016లో తెరిచారు. మేం దిగింది అది కాదు, దాని గురించి నాకు ఫిర్యాదు లేదు.

రెండో రోజు మూడ్ మారింది దెన్‌షోఎన్ అనే పాతకాలపు ఇళ్ళ ఆవరణలో. మేం కొన్న టికెట్ 330 యెన్లు. మనుషులూ గుర్రాలూ ఒకే కప్పు కింద బతికిన పాత ఇల్లు, మూల తిరిగి ఉంటుంది. లోపలి నడవా చివర చిన్న గదిలో నాలుగు గోడలా ఓషిరాసామా అనే ఇంటిదేవత బొమ్మలే, వెయ్యి దాకా ఉంటాయట. మల్బరీ కర్రకి తల చెక్కి, దాని మీద గుడ్డ మీద గుడ్డ తొడుగుతారు. కొన్ని తలలు అమ్మాయివి, కొన్ని గుర్రానివి. కథ భయంకరం. రైతు కూతురు ఇంటి గుర్రాన్నే ప్రేమించి పెళ్ళాడింది. తండ్రి దాన్ని మల్బరీ చెట్టుకి వేలాడదీసి చంపాడు. కూతురు దాని మెడ పట్టుకుని ఏడుస్తుంటే గొడ్డలితో తల నరికాడు. ఆ తలతో పాటే అమ్మాయి ఆకాశంలోకి ఎగిరిపోయింది. మనం కూడా కోరిక గుడ్డ మీద రాసి తొడిగి రావచ్చు.

ఈ దేవతకి మాంసం, గుడ్డు పడవు, తింటే మూతి వంకరపోతుందని పాతవాళ్ళ నమ్మకం. అది వినగానే అత్తయ్య మొహం వెలిగిపోయింది. "ఈవిడ మనావిడే" అని దండం పెట్టి, గుడ్డ మీద తెలుగులో ఏదో రాశారు. మాకు చూపించలేదు. ఈ ఊరి ప్రసిద్ధ వంటకమేమో జింగిస్‌కాన్, అంటే గొర్రెమాంసం. చిల్లులు పొడిచిన బకెట్టు మీద పెట్టి కాలుస్తారు. అది వేరే సంగతి.

అక్కడి హోటల్లోనే కేయిరాన్ తిన్నాం. పేరు విని అత్తయ్య భయపడ్డారు, కోడిగుడ్డు అని అర్థం మరి. కానీ అందులో గుడ్డు లేదు. బియ్యప్పిండి ముద్దలో తియ్యటి ఎర్రచిక్కుడు ముద్ద పెట్టి, గుడ్డు ఆకారంలో చేసి, వేడినీళ్ళలో వేసి ఇస్తారు. నీళ్ళలో తేలుతున్న పూర్ణం కుడుములే అనుకోండి. వడ్డించే అమ్మాయి మేం అడగకముందే చేప రసం ఏమీ లేదని వంటింట్లో కనుక్కుని వచ్చి చెప్పింది. గిన్నె 400 యెన్లు. అత్తయ్య రెండు తిన్నారు.

అక్కడి నుంచి నడిచి వెళ్తే జోకెంజి గుడి, దాని వెనక కప్పాబుచి మడుగు. కప్పా అంటే మన కప్ప కాదు, నెత్తి మీద నీటి పళ్ళెం ఉండే నీటిపిశాచం. మిగతా జపాన్‌లో పచ్చగా ఉంటుంది, తోనోలో మొహం ఎర్రన. గుడికి నిప్పంటుకుంటే కప్పానే ఆర్పిందని, కాపలా సింహాల నెత్తిన కూడా నీళ్ళ గుంట చెక్కారు. 220 యెన్లు కడితే కప్పాని పట్టే అనుమతి పత్రం ఇచ్చారు. దానిమీద షరతులు చదివి పడీపడీ నవ్వాం. దెబ్బ తగలకుండా ప్రాణంతో పట్టాలి, నెత్తి మీద నీళ్ళు ఒలకకూడదు, లోహపు పనిముట్లు వాడకూడదు, ఎర తాజా కూరగాయలే కావాలి. మావాడు కీరదోసకాయ కట్టిన కర్ర పట్టుకుని ఎంత పిలిచినా రాలేదు. మడుగు లోతు మోకాలి దాకా కూడా లేదు. గట్టు మీద చిన్న గూట్లో, పాలు పడాలని తల్లులు మొక్కుకుని కుట్టి పెట్టిన ఎర్రగుడ్డ రొమ్ములున్నాయి.

అక్కడ బస్సులు తక్కువ, సైకిలు అత్తయ్యకి కుదరదు. అందుకని రెండు గంటలకి 12,000 యెన్లకు టాక్సీ మాట్లాడుకుని యమగుచి వైపు వెళ్ళాం. డబ్బు ఎక్కువే గానీ వయసు మళ్ళినవాళ్ళుంటే వేరే దారి లేదు. అక్కడి దెందేరానో అనే మెరకకి పూర్వం అరవై దాటినవాళ్ళని పంపేసేవారట. ప్రాణం ఊరికే పోదు కదా, పగలు దిగివచ్చి పొలం పని చేసి తిండి సంపాదించుకుని, చీకటి పడ్డాక తిరిగి వెళ్ళేవారు. గుర్తుగా ఒక గడ్డి గుడిసె వేసి ఉంచారు. అత్తయ్యకి 66. గుడిసెలోకి తొంగిచూసి, "పగలు పని, దానికి తిండి. మీ నిషికసాయికీ దీనికీ తేడా ఏముందమ్మాయ్?" అన్నారు. మా ఆయన టాక్సీ డ్రైవరుతో వాతావరణం గురించి మాట్లాడటం మొదలుపెట్టాడు.

వెళ్ళేవాళ్ళకి నా సలహా ఒకటే. స్టేషన్ పక్కన మామూలు బిజినెస్ హోటల్లో దిగండి, మిగిలిన డబ్బు టాక్సీకి పెట్టండి. శాకాహారులు పొడులు తీసుకెళ్ళి గదిలోనే తినండి.

తిరిగొచ్చాక బుకింగ్ సైట్‌కి స్టిక్కర్ ఫోటోతో సహా ఫిర్యాదు పెట్టాను. మూడు వారాలకి జవాబొచ్చింది. విచారం వెలిబుచ్చి, 1,000 యెన్ల కూపన్ పంపారు. అది చెల్లేది ఆ బసలోనే, అదీ జాషికి వారాషి గదికి మాత్రమే. మార్చి దాకా గడువుంది. ఎవరికైనా కావాలంటే చెప్పండి, పంపిస్తా.