ఇన్ఫోగ్రాఫిక్స్: అందరికీ పంపేవి, నిజంగా వాడేవి

ఇంటికి సంబంధించి ఏ చిన్న సంగతి తెలుసుకోవాలన్నా, దాని మీద ఎవరైనా ఇన్ఫోగ్రాఫిక్ (సమాచారాన్ని బొమ్మలో చెప్పే చార్ట్) గీశారేమోనని ముందు చూడటం నాకు కొన్నేళ్లుగా అలవాటు. బట్టల లేబుళ్లు, బల్బుల వాట్లు, లోను వాయిదాలు, సన్‌స్క్రీన్, రోజుకి ఎన్ని నీళ్లు తాగాలి, ప్లాస్టిక్ డబ్బాల అడుగున ఉండే అంకెలు... అన్నీ. నచ్చినవి ఫోన్‌లో దాచుకుంటాను, కొన్నిటికి ప్రింటవుట్ తీసి బీరువా తలుపు లోపలివైపు అతికిస్తాను. ఇంతకాలం వాడాక తేలిందేమిటంటే, చూడగానే ముచ్చటపడి పదిమందికీ పంపే ఇన్ఫోగ్రాఫిక్ వేరు, అవసరానికి మళ్లీ తీసి చూసుకునేది వేరు. రెండూ ఒకటే కావడం చాలా అరుదు.

నా దగ్గర ఫుల్ మార్కులు కొట్టేసింది బట్టల ఉతుకు గుర్తుల చార్ట్. ఇవి రెండు రకాలుగా దొరుకుతాయి. ఒక రకంలో పేజీ నిండా చిన్న చిన్న గళ్లు, గడికో గుర్తు, దాని కింద అర్థం. చూడ్డానికి నిండుగా ఉంటుంది కానీ, చేతిలో చొక్కా పట్టుకుని అందులో వెతకాలంటే విసుగొస్తుంది. రెండో రకం అసలు కీలకం చెబుతుంది: మూల గుర్తులు ఐదే. తొట్టి అంటే ఉతకడం, త్రిభుజం అంటే బ్లీచ్, చతురస్రం అంటే ఆరబెట్టడం, ఇస్త్రీపెట్టె అంటే ఇస్త్రీయే, వృత్తం అంటే డ్రై క్లీనింగ్ లాంటి లాండ్రీవాళ్ల పని. చుక్కలు పెరిగే కొద్దీ వేడి ఎక్కువ. కింద ఒక గీత ఉంటే సున్నితంగా, రెండుంటే మరీ సున్నితంగా. ఇంటూ ఉంటే ఆ పని వద్దని. చతురస్రంలో వృత్తం కనిపిస్తే డ్రయర్ గురించి. అంతే, మిగతావన్నీ వీటి కలయికలే. ఈ రెండో చార్ట్‌తో నాకు కొన్నాళ్లకి పనే లేకుండా పోయింది. ఇన్ఫోగ్రాఫిక్‌కి ఇంతకంటే పెద్ద మెచ్చుకోలు ఏముంటుంది?

బల్బుల చార్ట్ కూడా అలాంటిదే. వెలుతురు కొలత ల్యూమెన్లు, కరెంటు ఖర్చు కొలత వాట్లు. పాత 60 వాట్ల బల్బు ఇచ్చే సుమారు 800 ల్యూమెన్ల వెలుతురుని 9 వాట్ల ఎల్‌ఈడీ ఇచ్చేస్తుంది. రెండు వరసల బొమ్మ చాలు.

ఇక మాటల్లో ఎన్నిసార్లు విన్నా బుర్రకెక్కనిది, బొమ్మలో ఒక్క చూపుకే ఎక్కింది లోను వాయిదాల లెక్క. ఏడాదికి 9 శాతం వడ్డీ మీద 20 ఏళ్ల లోను తీసుకుంటే, మొదటి ఈఎంఐలో 83 శాతం వడ్డీకే పోతుంది, అసలుకి వెళ్లేది 17 శాతం. అసలు వాటా వడ్డీ వాటాని దాటేది పన్నెండేళ్లు గడిచాకే. వంద అప్పు చేస్తే చివరికి కట్టేది దాదాపు 216. లోను కాగితాల్లో ఇదంతా 240 వరసల పట్టికగా ఉంటుంది, ఎవరూ చదవరు. అదే లెక్కని రెండు రంగుల బార్లుగా, ఏడాదికో బార్ చొప్పున గీస్తే, ఒక రంగు మెల్లగా కిందికి దిగుతూ ఇంకోటి పైకి రావడం కళ్లకి కడుతుంది. అసలులో కొంత ముందే కట్టేస్తే ఆ లాభం మొదటి ఏళ్లలో ఎందుకు ఎక్కువో వేరే చెప్పక్కర్లేదు. అయితే ఆ చార్ట్ చూసి నేను నిర్ణయం తీసుకోను. దానికి సొంత అంకెలు వేసుకునే కాలిక్యులేటర్ కావాలి. బొమ్మ లెక్క తీరు చెబుతుంది, నా లెక్క చెప్పదు.

అసలు చిక్కు పోలికలు చూపే బొమ్మలతోనే. సన్‌స్క్రీన్‌నే తీసుకోండి. డబ్బా మీద ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి రక్షణ చెప్పే అంకె) 15 ఉన్నది ఎండలో చర్మాన్ని కమిలించే యూవీబీ కిరణాల్లో దాదాపు 93 శాతం ఆపుతుంది, 30 ఉన్నది 97, 50 ఉన్నది 98. బార్లని సున్నా నుంచి గీస్తే మూడూ ఇంచుమించు ఒకే ఎత్తు. ‘15 చాల్లే’ అనిపిస్తుంది. స్కేలుని 90 దగ్గర మొదలుపెడితే 50 బార్ 15 దానికి రెండున్నర రెట్ల పైనే ఎత్తుగా నిలబడుతుంది. ‘అమ్మో, 50 కొనాల్సిందే’ అనిపిస్తుంది. ఆపినది కాకుండా లోపలికి వదిలినది గీస్తే 7, 3, 2 అవుతుంది. ఇప్పుడు 15కీ 30కీ మధ్య తేడానే పెద్దది, 30 దాటాక చిన్నది. మూడు బొమ్మల్లోనూ అబద్ధం లేదు. నా ఓటు మాత్రం మూడోదానికి, ఎందుకంటే చర్మానికి తగిలేది లోపలికి వచ్చినదే. ఇంకో సంగతి: ఈ అంకెలన్నీ చదరపు సెంటీమీటరుకి 2 మిల్లీగ్రాములు రాసి పరీక్షించినప్పటివి. మామూలుగా జనం రాసుకునేది అంతకంటే బాగా తక్కువ. నేను దాచుకున్న చార్టుల్లో ఒక్కటైనా ఈ ముక్క చెప్పలేదు.

ఇలాంటిదే సైజు మాయ. ‘రెట్టింపు’ అని చెప్పడానికి సీసా బొమ్మని ఎత్తులోనూ వెడల్పులోనూ రెట్టింపు చేస్తారు. కంటికి మాత్రం అది నాలుగింతలు. 1920లలో వియన్నాలో ఐసోటైప్ బొమ్మల పద్ధతి తెచ్చిన ఒట్టో న్యూరాత్ దీనికి అప్పుడే మందు చెప్పాడు: బొమ్మని పెద్దది చేయొద్దు, అదే సైజు బొమ్మల సంఖ్య పెంచు. క్లీవ్‌లాండ్, మెక్‌గిల్ అనే గణాంక శాస్త్రవేత్తలు 1984లో ప్రచురించిన పరిశోధనలో కూడా జనం ఒకే గీత మీద ఉన్న స్థానాలని బాగా పోల్చగలరని, వైశాల్యాల దగ్గర తడబడతారని తేలింది. అయినా బుడగల చార్టులు వస్తూనే ఉన్నాయి. అందంగా ఉంటాయి మరి.

ఆరోగ్యం బొమ్మల మీద నాకు నమ్మకం బాగా తగ్గింది. రోజుకి ఎనిమిది గ్లాసుల నీళ్లనే చూడండి. దీనికి మూలంగా చాలామంది చూపించేది 1945లో అమెరికాలో ఇచ్చిన రెండున్నర లీటర్ల సలహా. అందులో ఎక్కువ భాగం తినే ఆహారంలోనే అందుతుందని ఆ పక్కనే ఉంది. గ్లాసుల బొమ్మలోకి ఆ వాక్యం ఎక్కలేదు. ప్లాస్టిక్ అంకెలదీ అదే కథ. బాణాల త్రిభుజంలోని అంకె అది ఏ రకం ప్లాస్టికో చెబుతుంది, అంతే. 1 అంటే పెట్, 5 అంటే పాలీప్రొపిలీన్. 1988లో వచ్చిన ఆ బాణాలని చూసి అందరూ రీసైకిల్ అవుతుందనుకుంటున్నారని 2013లో ప్రమాణాన్ని మార్చి బాణాలు తీసేసి మామూలు త్రిభుజం పెట్టారు. ఫార్వర్డ్‌లలో తిరిగే చార్టులు మాత్రం అంకెలకి ఎరుపూ ఆకుపచ్చా పులిమి ‘విషం’, ‘సురక్షితం’ అని తీర్పులిస్తుంటాయి.

అన్నట్టు, ‘మెదడు బొమ్మల్ని అక్షరాల కంటే 60,000 రెట్లు వేగంగా గ్రహిస్తుంది’ అనే మాట ఇన్ఫోగ్రాఫిక్స్‌ని పొగిడే ప్రతిచోటా కనిపిస్తుంది. దాని వెనక పరిశోధన ఏదీ లేదు. ఆ మాటకీ ఒక ఇన్ఫోగ్రాఫిక్ ఉంది, రంగురంగుల మెదడుతో సహా.

ఫోన్‌లో వాడకం గురించి. చాంతాడంత పొడుగున్నవి నాకు పనికిరాలేదు. జూమ్ చేస్తే వరస తప్పుతుంది, చేయకపోతే అక్షరం కనపడదు. నాలుగు ఫోన్లు మారి వచ్చేసరికి తెలుగు ఒత్తులు అలుక్కుపోతాయి, అసలే ఇంగ్లిష్ కోసం గీసిన గళ్లలో ఇరికించిన తెలుగాయె. బొమ్మలో ఉన్న మాటని వెతుకుదామంటే చాలాసార్లు దొరకదు, చూపు లేనివాళ్ల స్క్రీన్ రీడర్‌కీ అందదు. ఎరుపు, ఆకుపచ్చ తేడా మీదే నడిచే చార్టుని వర్ణాంధత్వం ఉన్నవాళ్లు చదవలేరు. ఉత్తర యూరప్ మూలాలున్న మగవాళ్లలో పన్నెండుమందికి ఒకరికి ఈ ఇబ్బంది ఉంటుంది. అందుకే ముందు బ్లాక్ అండ్ వైట్‌లో ప్రింట్ తీసి చూస్తాను. అందులోనూ అర్థమైతేనే బీరువా ఎక్కుతుంది.

ఇంకొకటి, తేదీ. యూరప్‌లో ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్ల కరెంటు లేబుల్ మీద 2021 మార్చి 1 నుంచి ఏ ప్లస్ ప్లస్ ప్లస్ లాంటి గ్రేడ్లు తీసేసి, మళ్లీ ఏ (బాగా పొదుపు) నుంచి జీ వరకే ఉంచారు. నిన్నటిదాకా మూడు ప్లస్సులున్న మెషీన్, ఏమీ మారకుండానే సీ లేదా డీ అయిపోవచ్చు. ప్లస్సులని వివరించే పాత బొమ్మలు నాకు ఇప్పటికీ వస్తూనే ఉంటాయి, ఏ సంవత్సరానివో ఎక్కడా రాసి ఉండదు. తేదీ లేనివాటిని సేవ్ చేయడం మానేశాను.