పెనం పక్కన మాట్లాడే డబ్బా: మూడేళ్ల వాడకం తర్వాత

మాది రాజమహేంద్రవరంలో కోటిపల్లి బస్టాండుకు దగ్గరలో చిన్న టిఫిన్ బండి. పొద్దున ఆరు నుంచి పదిన్నర దాకా ఇడ్లీ, ఉప్మా, పెసరట్టు. నాకు ఒక చేతిలో పిండి గరిటె, ఇంకో చేతిలో అట్లకాడ. మధ్యలో ఫోను తీసి డబ్బు పడిందో లేదో చూసుకోవాలంటే అట్టు మాడుతుంది. అందుకే మూడేళ్ల కిందట, డబ్బు పడగానే పైకి చెప్పే ఈ స్పీకరు పెట్టించుకున్నాను. కంపెనీ పేరు రాయను. మెచ్చుకోళ్లతో పాటు నాలుగు మొట్టికాయలు కూడా ఉన్నాయి కాబట్టి అలా వదిలేద్దాం.

పెట్టించిన మొదటి వారంలోనే ఒక కుర్రాడు వచ్చాడు. రెండు ఎమ్మెల్యే పెసరట్లు తిన్నాడు, అల్లం పచ్చడి మూడుసార్లు అడిగి వేయించుకున్నాడు. నూట ఇరవై రూపాయలు. ఫోను నా ముఖం ముందు ఒక్క క్షణం ఆడించి "పంపేశానండి" అన్నాడు. ఆకుపచ్చ టిక్కు కనిపించింది, అంకె కూడా సరిగ్గానే ఉంది. డబ్బా మాత్రం నోరు విప్పలేదు. "ఉండు బాబూ, ఇది ఇంకా చెప్పలేదు" అన్నాను. సిగ్నల్ లేదేమోనండి అన్నాడు. ఆ మాట పూర్తికాకముందే పక్కనున్న ఆటో అతను పంపిన ముప్పై రూపాయలు అందాయని డబ్బా అరిచింది. కుర్రాడి చెవులు ఎర్రబడ్డాయి. మారు మాట్లాడకుండా జేబులోంచి వంద కాగితం, ఇరవై కాగితం తీసి పెట్టాడు. అంతకుముందు అలాంటి బొమ్మలు చూపించి ఎందరు తిని వెళ్లారో ఆ గోదావరి తల్లికే తెలియాలి.

దీనికి సొంత సిమ్ ఉంది. కొనేవాడి ఫోనుతో దానికి పని లేదు. కంపెనీ సర్వర్ నుంచి కబురు వస్తేనే పలుకుతుంది. గ్యాస్ పొయ్యి బుసల మీద కూడా వినిపించేంత గొంతు. తెలుగు స్పష్టంగా ఉంది, కాస్త వార్తలు చదివినట్టు ఉంటుంది, అంతే.

ఇక ధర. దీని అద్దె నెలకు 125 రూపాయలు. నాకు రోజుకు ఆరు వేల దాకా ఫోన్ల మీదే వస్తుంది. నూటికి రూపాయి చొప్పున కోసినా నెలకు పద్ధెనిమిది వందలు పోయేవి. అలా కోయడం లేదు. 2016లో యూపీఐ వచ్చింది, 2020 జనవరి నుంచి దాని మీద వ్యాపారి దగ్గర తీసుకునే ఎండీఆర్ రుసుమును ప్రభుత్వమే ఎత్తేసింది. 2025 ఆగస్టులో దేశం మొత్తం మీద ఒక్క నెలలో రెండు వేల కోట్ల లావాదేవీలు దాటాయట. అన్ని మోస్తూ ఈ కంపెనీలు ఏం తిని బతుకుతాయని నాకు అనుమానం. ఏజెంటు కుర్రాడు ఉప్మా తింటూ తీర్చాడు: డబ్బాల అద్దె కొంత, మాలాంటివాళ్లకు అప్పులు ఇప్పించినందుకు వచ్చేది కొంత. వారానికి రెండుసార్లు "సార్, మీకు లోను వచ్చింది" అని ఫోను ఎందుకు వస్తుందో అప్పుడు అర్థమైంది.

వాళ్ల బతుకుతెరువును నేను తప్పు పట్టను. కానీ యాప్ తెరిస్తే ముందు లోను, దాని కింద బంగారం, ఆ కింద బీమా. ఈ రోజు వసూలు ఎంతో తెలియాలంటే నాలుగు చోట్ల నొక్కాలి. ఇడ్లీ అడిగినవాడికి ముందు బోర్డు మీదున్నవన్నీ చదివి వినిపించినట్టు. మొదట్లో ఆ లెక్క మొదటి పేజీలోనే ఉండేది.

పెద్ద మొట్టికాయ మాత్రం కిందటి కార్తీక మాసానిది. స్నానాలకు వచ్చే జనంతో బండి కిటకిటలాడే రోజులు. డబ్బా మూగబోయింది. డబ్బులు పడుతున్నాయి, ఇది పలకదు. పెట్టి వెళ్లిన కుర్రాడు ఉద్యోగం మానేశాడు. సహాయ కేంద్రానికి ఫోను చేస్తే హిందీలో మాట్లాడి ఒక నంబరు ఇచ్చారు. తొమ్మిదో రోజు కొత్త కుర్రాడు వచ్చి అయిదు నిమిషాల్లో డబ్బా మార్చి వెళ్లాడు. ఆ నెల అద్దె మాత్రం పూర్తిగా పట్టుకున్నారు. తొమ్మిది రోజులకు ముప్పై ఏడున్నర రూపాయలు. ఏమంత మొత్తం కాదు. అయితే నేను మాడిన అట్టుకు డబ్బు తీసుకోను.

2024 జనవరి 31న రిజర్వ్ బ్యాంకు పేటీఎం పేమెంట్స్ బ్యాంకు మీద ఆంక్షలు పెట్టినప్పుడు మా వీధిలో ఆ డబ్బాలున్నవాళ్లు కంగారు పడ్డారు. మార్చి 15 గడువులోగా వేరే బ్యాంకుల అండతో పని నడిపించుకున్నారు, డబ్బాలు పలుకుతూనే ఉన్నాయి. నేను మాత్రం ఆ వారమే బండికి ఇంకో కంపెనీ క్యూఆర్ కార్డు కూడా వేలాడదీశాను. డబ్బా మూగబోయిన ఆ తొమ్మిది రోజులూ ఒడ్డెక్కించింది అదే, మా అబ్బాయి ఫోను పట్టుకుని పక్కన నిలబడితే.

అయిదుకు మూడున్నర ఇస్తాను. ఆ మూడున్నరా డబ్బావే, యాప్‌కు ఏమీ లేదు.

2027లో గోదావరి పుష్కరాలు. ఆ జనంలో నెట్‌వర్కు అందక ఇది మళ్లీ మూగబోతే ఏం చేయాలని మొన్న ఏజెంటును అడిగాను. కాసేపు ఆలోచించి, "కొత్త మోడల్ వస్తోందండి, అందులో పాటలు కూడా వినవచ్చు" అన్నాడు.