లాటర్‌బ్రున్నెన్ లోయలో అమ్మానాన్నలతో నడిచిన దారులు

స్విట్జర్లాండ్ వెళ్ళే మనవాళ్ళలో చాలామంది యుంగ్‌ఫ్రావుయోఖ్ అనే మంచుకొండ మీది రైల్వే స్టేషన్‌కి టికెట్ కొనుక్కుని, పైన మంచులో ఫొటోలు దిగి, సాయంత్రానికి ఇంకో ఊరికి రైలెక్కేస్తారు. ఆ డబ్బూ ఆ రోజూ లాటర్‌బ్రున్నెన్ చుట్టూ ఉన్న నడకదారులకి పెడితే అంతకు రెట్టింపు సంతోషం దక్కుతుందని నా గట్టి నమ్మకం. నేను వెళ్ళింది డెబ్బై దాటిన అమ్మానాన్నలతో. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, నాన్నకి ఎత్తు ఎక్కితే ఆయాసం. అయినా ఇద్దరూ ఆ కొండల మధ్య హాయిగా నడిచారు. నిటారుగా ఎక్కే పనంతా కేబుల్ కార్లకీ రైళ్ళకీ వదిలేసి, చదునుగానో కాస్త ఏటవాలుగానో ఉన్న దారులు మాత్రమే ఎంచుకోవడం వల్ల అది కుదిరింది.

ఇంటర్‌లాకెన్ ఓస్ట్ స్టేషన్ నుంచి లాటర్‌బ్రున్నెన్‌కి రైల్లో ఇరవై నిమిషాలే. ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. ఆ రైలు దారిలో జ్వైల్యూట్షినెన్ దగ్గర రెండుగా విడిపోతుంది. సగం గ్రిండెల్‌వాల్డ్‌కి పోతుంది, సగం ఇటు వస్తుంది. పెట్టె మీద రాసిన ఊరి పేరు చూసే ఎక్కండి. పెద్దవాళ్ళు ఒక పెట్టెలో, సామాన్లతో మీరు ఇంకో పెట్టెలో ఎక్కితే టెన్షన్ తప్పదు.

బస విషయంలో నా ఓటు లాటర్‌బ్రున్నెన్‌కే. కొండ మీది వెంగెన్, మ్యూరెన్ రెండూ కార్లు తిరగని ఊళ్ళు. కిటికీ తీస్తే ఎదురుగా మంచు శిఖరాలు కనిపిస్తాయి కాబట్టి చాలామంది వాటినే మెచ్చుకుంటారు. కానీ లోయలో ఉంటే ఒకవైపు వెంగెన్ రైలు, రోడ్డు దాటితే కొండ మీది గ్రూట్ష్‌ఆల్ప్‌కి వెళ్ళే కేబుల్ కారు, స్టేషన్ ముందే లోయ చివరిదాకా పోయే 141 నంబరు బస్సు. పొద్దున్నే ఆకాశం చూసి ఎటు వెళ్ళాలో తేల్చుకోవచ్చు, మధ్యలో ఎవరికైనా నీరసం వస్తే వెనక్కి రావడం తేలిక. లోపాలూ లేకపోలేదు. రెండువైపులా నిట్టనిలువు బండలు కాబట్టి ఎండ ఆలస్యంగా వస్తుంది, త్వరగా పోతుంది. పగటిపూట ఊరి ప్రధాన వీధి సందర్శకులతో కిక్కిరిసిపోతుంది. 2024లో, కార్లలో వచ్చిపోయేవాళ్ళ దగ్గర ప్రవేశ రుసుము తీసుకుందామా అని ఊరివాళ్ళు ఆలోచించేదాకా వచ్చింది రద్దీ. సాయంత్రం ఆ జనమంతా వెళ్ళిపోయాక వీధి మళ్ళీ మామూలు పల్లె వీధి అవుతుంది. అక్కడ రాత్రి ఉండేవాళ్ళకి దక్కేది అదే.

మేము దిగిన అపార్ట్‌మెంట్ శుభ్రంగా ఉంది, వంటగది ఉంది, బాల్కనీలోంచి జలపాతం కనబడింది. కానీ ఇల్లు మూడో అంతస్తులో. లిఫ్ట్ లేదు, చెక్క మెట్లు ఇరుకుగా, నిటారుగా ఉన్నాయి. బుకింగ్ పేజీలో ఆ మాటే రాయలేదు. రోజంతా నడిచిన దానికన్నా ఆ మెట్లే అమ్మని ఎక్కువ బాధపెట్టాయి. అక్కడి పాత కొయ్య ఇళ్ళు చాలావరకు ఇలాగే ఉంటాయి. పెద్దవాళ్ళతో వెళ్తుంటే ఎన్నో అంతస్తు, లిఫ్ట్ ఉందా అని ముందే రాసి కనుక్కోండి.

మొదటి రోజుకి లోయ అడుగు దారి సరిపోతుంది. చర్చి దాటి తెల్ల ల్యూట్షినె ఏటి పక్కగా లోయ చివరి ఊరు స్టెఖెల్‌బెర్గ్ వైపు సాగే ఈ దారి ఆరేడు కిలోమీటర్లు ఉంటుంది, ఎత్తు తేడా పెద్దగా తెలియదు. తోపుడు బండిలో పసిపిల్లల్ని తీసుకెళ్ళేవాళ్ళు కూడా కనిపించారు. పక్కనే బస్సు మార్గం ఉంది కాబట్టి ఎక్కడ అలసిపోతే అక్కడికి దగ్గరున్న స్టాపులో ఎక్కేయొచ్చు. ఊరి అంచున స్టౌబ్‌బాఖ్ జలపాతం 297 మీటర్ల ఎత్తు నుంచి పడుతుంది. గాలి వీస్తే నీళ్ళు నేలకి చేరకముందే తుంపరగా చెదిరి పక్కకి పోతాయి. 1779లో జర్మన్ కవి గోథే దీన్ని చూసే ఒక కవిత రాశాడు. జలపాతం వెనక్కి పోయే మెట్లదారి ఉంది గానీ పెద్దవాళ్ళకి అంత శ్రమ అక్కర్లేదు. కింద నుంచి, చర్చి వైపు నుంచి చూస్తేనే దాని అసలు ఎత్తు తెలుస్తుంది.

దారి మధ్యలో ట్రుమ్మెల్‌బాఖ్ వస్తుంది. ఐగర్, మోంఖ్, యుంగ్‌ఫ్రావు శిఖరాల హిమానీనదాల నీరంతా కొండ కడుపులోంచి పది జలపాతాలుగా దూకుతుంది. ఉధృతంగా ఉన్నప్పుడు సెకనుకి ఇరవై వేల లీటర్ల దాకా పారుతుంది. లోపలికి లిఫ్టులో తీసుకెళ్తారు, కానీ ఆ తర్వాత తడి మెట్లు చాలా ఉన్నాయి. పక్క కమ్మీ పట్టుకుంటే చల్లగా, నీళ్ళోడుతూ ఉంటుంది. హోరుకి మాట వినబడదు, బండ అదురుతున్నట్టు అరికాళ్ళకి తెలుస్తుంది. నాన్న వచ్చారు. అమ్మ కింద బెంచీ మీదే ఉండిపోయింది, అదే మంచిదయింది. టికెట్ విడిగా కొనాలి. నాలుగేళ్ళలోపు పిల్లల్ని రానివ్వరు. జారని బూట్లు, వానకోటు ఉంటే తప్పకుండా చూడండి.

ఒక్క దారికే సమయం ఉందంటే నేను చెప్పేది గ్రూట్ష్‌ఆల్ప్ నుంచి మ్యూరెన్. స్టేషన్ ఎదుటి కేబుల్ కారు నిమిషాల్లో 1486 మీటర్ల ఎత్తుకి చేరుస్తుంది. అక్కడి నుంచి చిన్న రైలు పట్టాల పక్కనే దారి. ఆ రైలు 1891 నుంచి నడుస్తోంది. మ్యూరెన్ 1638 మీటర్ల దగ్గర ఉంది కాబట్టి ఎక్కడం ఉంది, కానీ అయిదు కిలోమీటర్లలోపు దూరంలో పరుచుకుని ఉంటుంది గనక ఎక్కడా గుండె దడదడలాడదు. కాసేపు దేవదారు లాంటి చెట్ల నీడ, కాసేపు పచ్చిక. చెట్లు విడిపోయిన చోటల్లా లోయకి అవతల ఐగర్, మోంఖ్, యుంగ్‌ఫ్రావు మూడూ వరసగా నిలబడి కనిపిస్తాయి. నడకదారి చూపించే పసుపు బోర్డు మీద గంటంబావు లోపే అని ఉంది. మాకు అంతకు రెట్టింపు పట్టింది. ఆ బోర్డుల్లోని సమయం ఆగకుండా నడిచేవాళ్ళ లెక్క అని గుర్తుపెట్టుకోండి.

"ఇంకా ఎంత దూరంరా?" అంది అమ్మ సగం దారిలో.

"రైలెక్కేద్దామా అమ్మా? స్టేషన్ ఇక్కడే ఉంది."

"ఎందుకు, కాసేపు కూర్చుని నడుద్దాం. మీ నాన్ననే ఎక్కమను."

నాన్నా ఎక్కలేదు. ఆ ఆగిన చోటు వింటరెగ్. అక్కడ రైలు ఆగుతుంది, హోటల్ ఉంది, పిల్లలు ఆడుకునే చోటుంది. పొడవాటి దుంగని తొలిచి చేసిన తొట్టిలోకి గొట్టంలోంచి నీళ్ళు ధారగా పడుతుంటే సీసాలు నింపుకున్నాం. తాగకూడని నీళ్ళయితే అక్కడే బోర్డు పెడతారు. నడవడం చేతకాకపోతే మధ్యలో రైలెక్కొచ్చనే ధీమాయే ఈ దారికి నేను మొదటి స్థానం ఇవ్వడానికి కారణం.

మ్యూరెన్ నుంచి గిమ్మెల్‌వాల్డ్‌కి దిగే తారుదారి అరగంట, ముప్పావుగంట. నూటముప్పై మంది దాకా ఉండే పల్లె, ఇళ్ళ గోడల వెంట వరసగా పేర్చిన కట్టెలు, మనిషి లేకుండా నడిచే చిన్న దుకాణం. చూడ్డానికి ముచ్చటగా ఉంది గానీ దారి పొడవునా పల్లమే. మోకాళ్ళకి ఎక్కడం కన్నా దిగడమే కష్టం, ఊతకర్ర లేకుండా అమ్మని తీసుకెళ్ళేదాన్ని కాదు. తిరిగి లోయలోకి కేబుల్ కారుంది. మ్యూరెన్ నుంచే నేరుగా దిగాలనుకుంటే 2024 డిసెంబరులో మొదలైన స్టెఖెల్‌బెర్గ్ కేబుల్ కారుంది. అది బాగా నిటారుగా దిగుతుంది.

అందరూ పొగిడే మెన్‌లిఖెన్ - క్లైనె షైడెగ్ దారి నిజంగానే గొప్పది. వెంగెన్ నుంచి కేబుల్ కారులో పైకి వెళ్తే, 33వ నంబరు దారి నాలుగున్నర కిలోమీటర్లు, మెల్లగా దిగుతూ ఐగర్ ఉత్తరపు గోడకి ఎదురుగా సాగుతుంది. నేను దీన్ని రెండోదిగా పెట్టడానికి కారణాలు వేరే. 2200 మీటర్ల ఎత్తులో నీడ లేదు, మధ్యలో రైలెక్కే వీలు లేదు, జనం ఎక్కువ, ఖర్చూ ఎక్కువ. రైళ్ళకీ బస్సులకీ కలిపి పర్యాటకులు కొనుక్కునే స్విస్ ట్రావెల్ పాస్ వెంగెన్, మ్యూరెన్‌ల దాకా పూర్తిగా చెల్లుతుంది, మెన్‌లిఖెన్‌కి రాయితీ మాత్రమే. మబ్బు కమ్మితే ఆ డబ్బంతా వృథా. పొద్దున్నే పైన ఉన్న వెబ్‌క్యామ్ చూసి, శిఖరాలు కనబడితేనే టికెట్ కొనండి.

ఏ దారైనా పసుపు బోర్డులున్నవే పెద్దవాళ్ళకి. తెలుపు-ఎరుపు-తెలుపు గీతలు కనబడితే అది కొండదారి, అడుగు తడబడేవాళ్ళు అటు వెళ్ళకూడదు. తెలుపు-నీలం-తెలుపు గీతలు అనుభవమున్న పర్వతారోహకుల కోసం.

పై దారులకి జూన్ చివరి నుంచి సెప్టెంబరు దాకా మంచి కాలం. అంతకు ముందు వెళ్తే పైన మంచు కరగక దారులు మూసి ఉండొచ్చు. వసంతంలోనూ నవంబరు చుట్టుపక్కలా మరమ్మతుల కోసం కేబుల్ కార్లు కొన్ని వారాలు ఆపేస్తారు, తేదీలు వాళ్ళ వెబ్‌సైట్లలో ముందుగానే పెడతారు. గది బుక్ చేసే ముందు అవి చూసుకోండి.