సున్నా గొప్పదా, ఓడించినవాళ్లు గొప్పా?

"మేవెదర్ 50 ఫైట్లలో ఒక్కటీ ఓడలేదు. పాక్వియావ్ ఎనిమిది ఓడాడు. ఇంకా పోలికేంటి?" నేను బాక్సింగ్ చూస్తానని తెలిసినవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు ఇదే అడుగుతారు. పేర్లు మారతాయి, ప్రశ్న మారదు. పాత హెవీవెయిట్ చాంపియన్లు మార్సియానో 49-0 (49 గెలుపులు, సున్నా ఓటములు), అలీ 56-5. అయితే మార్సియానోనే గొప్పోడా?

ముందు ఆ సున్నా సంగతి చూద్దాం. ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో లీగ్ ఆటల్లోలా ఎవరితో ఎప్పుడు ఆడాలో ముందే రాసిపెట్టి ఉండదు. ప్రత్యర్థిని వెతికి తెచ్చేది ప్రమోటర్, ఒప్పుకునేది మేనేజర్. ఆశలు పెట్టుకున్న కుర్రాడికి మొదట్లో చాలా ఫైట్లు గెలుపు దాదాపు ఖాయమైనవే ఇస్తారు. అవతలి మూలలో నిలబడటానికి వేరే మనుషులుంటారు. బ్రిటన్‌లో పీటర్ బక్లీ అని ఒకాయన ఉండేవాడు. 2008లో రిటైరయ్యేసరికి 300 ఫైట్లు ఆడాడు, అందులో 256 ఓడాడు. చేతకాక ఓడాడనుకునేరు. గట్టి దెబ్బ తగలకుండా కాచుకుంటూ చివరి రౌండ్ దాకా నిలబడటం, కొద్ది రోజులకే మరో ఊళ్లో మరో కుర్రాడి ముందు నిలబడటం ఆయన వృత్తి. నసీమ్ హమీద్ కుర్రాడిగా ఉన్నప్పుడు రెండుసార్లు ఆయనతోనే ఆడాడు. రికార్డులో 20-0 కనిపిస్తే నేను మొదట చూసేది అందులో బక్లీలు ఎంతమందని.

సున్నానే తక్కెడైతే మేవెదర్ కూడా నిలవడు. థాయ్‌లాండ్ బాక్సర్ వాన్‌హెంగ్ మెనయోథిన్ 54-0 దాకా వెళ్లి, 2020 నవంబరులో సొంత దేశస్థుడు పన్యా ప్రదాబ్‌శ్రీ చేతిలో మొదటిసారి ఓడాడు. ఆ 54 మందిలో ఒక్కరి పేరైనా ఆపకుండా చెప్పగలరా? మేవెదర్ 50వ గెలుపు మాత్రం ఎవరి మీద? అంతకుముందు ఒక్క ప్రొఫెషనల్ బాక్సింగ్ ఫైట్ కూడా ఆడని కానర్ మెక్‌గ్రెగర్ మీద.

దీనికి తిరగేసిన కథ కూడా ఉంది. ఒలింపిక్స్‌లో రెండు బంగారు పతకాలు గెలిచిన లోమచెంకో 2014లో తన రెండో ప్రొఫెషనల్ ఫైట్‌లోనే ఓర్లాండో సాలిడో చేతిలో ఓడాడు. అప్పటికే సాలిడో రికార్డులో 12 ఓటములున్నాయి. ఒప్పుకున్న వెయిట్‌కు దిగకుండా వచ్చాడు, నడుముకు కింద కొట్టకూడని దెబ్బలు ఎడాపెడా కొట్టాడు, అది వేరే సంగతి. కానీ ఆ 12 చూసి వాణ్ని తేలిగ్గా తీసుకుంటే ఏమవుతుందో ఆ రాత్రి తెలిసింది.

చాంపియన్లకిచ్చే బెల్టుల గురించి ఎక్కువ చెప్పను. డబ్ల్యూబీఏ, డబ్ల్యూబీసీ, ఐబీఎఫ్, డబ్ల్యూబీఓ అని నాలుగు సంస్థలు. ఒకే వెయిట్ తరగతిలో ఒకేసారి నలుగురు ప్రపంచ చాంపియన్లు ఉండొచ్చు. నాలుగూ ఒకడి దగ్గరే ఉంటే లెక్కలోకి తీసుకుంటాను, లేకపోతే అది నడుముకు అలంకారం. నాకౌట్ల శాతం ఇంకా అధ్వానం, పడ్డవాడెవడో అది చెప్పదు.

ఇక మిగిలింది ఓడించినవాళ్ల జాబితా. నా ఓటు దీనికే. కాకపోతే చాలామంది దీన్ని పేర్లు చూసి లెక్కేస్తారు, నేను తేదీ చూసి లెక్కేస్తాను. పెద్ద పేరున్నవాణ్ని కొట్టడం వేరు, వాడు పెద్దవాడిగా ఉన్న రోజున కొట్టడం వేరు. నా నోట్‌బుక్‌లో ప్రతి పెద్ద గెలుపు పక్కన మూడు గడులుంటాయి: ఆ రోజున ప్రత్యర్థి వయసు, అంతకుముందు రెండేళ్లలో వాడు ఎలా ఆడాడు, ఆ తర్వాత రెండేళ్లలో ఏం చేశాడు. మూడో గడి చాలామంది వదిలేస్తారు. నాకు అదే ముఖ్యం.

మార్సియానో జాబితా తీసుకోండి. లూయిస్, వాల్‌కాట్, చార్ల్స్, మూర్. పేర్లు చదివితే ఒళ్లు గగుర్పొడుస్తుంది. గడులు నింపితే? 1951 అక్టోబరులో జో లూయిస్‌కు 37 ఏళ్లు, ఆ ఓటమి తర్వాత మళ్లీ ఆడనే లేదు. అది చచ్చిన పామును చంపినట్టు. 1952లో వాల్‌కాట్‌కు 38, కానీ ఇక్కడ నేను మార్కులు వేస్తాను. ఆ రాత్రి వాల్‌కాట్ మొదటి రౌండ్‌లోనే మార్సియానోను కింద పడేశాడు. 12 రౌండ్లయ్యేసరికి ముగ్గురు జడ్జీల దగ్గరా అతనే ముందున్నాడు. 13వ రౌండ్‌లో ఒక్క కుడిచేతి దెబ్బతో అంతా తిరగబడింది. ముసలివాడే, కానీ ఆ రోజు ముసలివాడిలా ఆడలేదు. ఎజార్డ్ చార్ల్స్‌ను 1954లో రెండుసార్లు ఓడించాడు, అయితే చార్ల్స్ మంచి రోజులు 1940లలోనే గడిచిపోయాయి. ఆర్చీ మూర్‌ను 1955లో కొట్టాడు. మూర్ ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి లైట్ హెవీవెయిట్ (హెవీవెయిట్ కంటే తక్కువ బరువు తరగతి) చాంపియన్‌గానే ఉన్నాడు, కాబట్టి మూడో గడి బాగుంది. మొత్తమ్మీద రెండు నిఖార్సయిన గెలుపులు, ఒకటి సగం, ఒకటి కొట్టివేత.

ఇప్పుడు అలీ. 1974 అక్టోబరు 30న కిన్షాసాలో అతని ముందు నిలబడ్డ ఫోర్‌మన్‌కు 25 ఏళ్లు, రికార్డు 40-0. దానికి ముందు రెండేళ్లలో ఫ్రేజియర్‌ను రెండు రౌండ్లలో ఆరుసార్లు పడేశాడు, నార్టన్‌ను కూడా రెండు రౌండ్లలోనే ముగించాడు. అలీకి అప్పుడు 32. ఎనిమిదో రౌండ్‌లో ఫోర్‌మన్ పడ్డాడు. ఈ ఒక్క వరుస మార్సియానో జాబితాలో దేనితోనూ తూగదు. అలీ ఓటములు కూడా చూడండి. 1971లో ఓడింది 27 ఏళ్ల, అప్పటిదాకా ఓటమే ఎరగని ఫ్రేజియర్ చేతిలో. ఐదు ఓటముల్లో మూడు 36 ఏళ్లు దాటాక వచ్చినవి. 1980లో హోమ్స్ 38 ఏళ్ల అలీని ఓడించాడు, అది హోమ్స్ ఖాతాలో గెలుపుగా ఎంత తక్కువో అలీ ఖాతాలో ఓటమిగా కూడా అంతే తక్కువ.

అలీ అభిమానినే, అయినా ఒక మాట చెప్పాలి. అలీ అత్యంత అందంగా ఆడిన ఫైట్ ఏదంటే 1966లో క్లీవ్‌లాండ్ విలియమ్స్‌తో ఆడినదని చూపిస్తారు. చూడటానికి నిజంగానే బాగుంటుంది. కానీ 1964లో విలియమ్స్‌ను పోలీసు తుపాకీతో కాల్చాడు, ఒక కిడ్నీ పోయింది, ఆపరేషన్ల మీద ఆపరేషన్లు జరిగాయి. ఆ మనిషి మీద ఎంత అందంగా ఆడినా నా నోట్‌బుక్‌లో దానికి మార్కుల్లేవు. 1976లో అలీకి ఏ రకంగానూ సరితూగని కూప్‌మన్ మీద గెలుపు గురించి మాట్లాడుకోకపోవడమే మంచిది.

మేవెదర్, పాక్వియావ్ దగ్గరికి వస్తే గడులు ఇంకా చిక్కు పెడతాయి. నా దృష్టిలో మేవెదర్ అసలైన గెలుపు 2001 జనవరిలో డియేగో కొరాలెస్ మీద వచ్చింది. ఇద్దరికీ 23 ఏళ్లే, ఇద్దరూ అప్పటిదాకా ఓడలేదు. కొరాలెస్ ఐదుసార్లు పడ్డాడు. జనం దాన్ని మరిచిపోయి డి లా హోయా (34 ఏళ్లు), మోస్లీ (38 ఏళ్లు) పేర్లు చెబుతారు. కనెలోను 2013లో ఓడించాడు నిజమే, అప్పటికి కనెలోకు 23, పైగా మామూలుకంటే రెండు పౌండ్లు బరువు దిగి రావలసి వచ్చింది. మూడో గడి మాత్రం దివ్యంగా ఉంది, కాబట్టి ముప్పాతిక మార్కులు.

పాక్వియావ్ జాబితాలోనూ కొట్టివేతలున్నాయి. 2008లో డి లా హోయా వెయిట్ దించుకుని పీల్చుకుపోయి వచ్చాడు, అదే అతని ఆఖరి ఫైట్. కానీ 2003లో 29 ఏళ్ల బరేరాను కొట్టినప్పుడు బరేరా ఫెదర్‌వెయిట్ అనే తేలిక బరువు తరగతిలో అందరికంటే మేటి అన్న పేరుతో ఉన్నాడు. 2019లో పాక్వియావ్‌కు 40 ఏళ్లు, ఎదురుగా 29-0తో 30 ఏళ్ల థర్మన్. మొదటి రౌండ్‌లోనే థర్మన్‌ను పడేసి పాయింట్ల మీద గెలిచాడు. మార్కెజ్‌తో నాలుగుసార్లు ఆడాడు, చివరిసారి ముఖం నేలకు తగిలేలా పడ్డాడు. అంత ప్రమాదకరమైనవాడితో 'నాలుగోసారి ఎందుకులే' అని తప్పించుకోలేదు, అది కూడా నేను లెక్కలో వేస్తాను.

"మరి 2015లో మేవెదర్ నేరుగా అతన్నే ఓడించాడు కదా?" ఓడించాడు, అనుమానం లేకుండా. అప్పటికి మేవెదర్‌కు 38, పాక్వియావ్‌కు 36. ఐదేళ్లు మాటలతో నాన్చాక జరిగిన ఫైట్ అది. ముఖాముఖి గెలుపే ఆఖరి మాటైతే ఇది విప్పండి: ఫ్రేజియర్ అలీని ఓడించాడు, ఫోర్‌మన్ ఫ్రేజియర్‌ను చితక్కొట్టాడు, అలీ ఫోర్‌మన్‌ను పడేశాడు. ముఖాముఖి మేవెదర్‌ది. జాబితా, వెంట్రుకవాసి తేడాతో, పాక్వియావ్‌ది.

ఇప్పటివాళ్లలో ఎవరని అడిగితే ఉక్రెయిన్ బాక్సర్ ఉసిక్. 2025 జూలైలో డుబోయ్‌ను రెండోసారి ఓడించేసరికి ఆడినవి 24 ఫైట్లే. హెవీవెయిట్ కంటే తక్కువ తరగతి అయిన క్రూజర్‌వెయిట్‌లో బ్రియెడిస్‌ను రీగాలో, గాసియెవ్‌ను మాస్కోలో, బెల్లూను మాంచెస్టర్‌లో, అంటే ఎవరి దేశంలోకి వెళ్లి వాళ్లనే ఓడించాడు. తర్వాత హెవీవెయిట్‌లో జాషువాను రెండుసార్లు, ఫ్యూరీని రెండుసార్లు. ఫ్యూరీ వరుసలో మాత్రం రెండో గడి పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టుకున్నాను. ఉసిక్‌తో తలపడటానికి ఏడు నెలల ముందు, మొదటిసారి ప్రొఫెషనల్ బాక్సింగ్ రింగ్ ఎక్కిన ఎంగానూ చేతిలో ఫ్యూరీ కింద పడి లేచాడు. ఆ ప్రశ్నార్థకాన్ని ఇంకా చెరపలేదు.