స్టీరింగ్ వణుకుకి రోడ్ ఫోర్స్ బ్యాలెన్సింగ్: ఆ టైర్లు సగం అరిగాక రాస్తున్న రివ్యూ

వంద స్పీడ్ దగ్గర స్టీరింగ్ వణుకుతుంటే మామూలు బ్యాలెన్సింగ్‌తో పోక చివరికి రోడ్ ఫోర్స్ బ్యాలెన్సింగ్ (టైరుని రోలర్‌తో అదిమి తిప్పి చూసే బ్యాలెన్సింగ్) చేయించాను. చేయించిన వారమే రాసేయొచ్చు కానీ కావాలనే ఆగాను, ఎందుకంటే బండికి ఏ పని చేయించినా మొదట్లో బాగున్నట్టే ఉంటుంది, అసలు సంగతి కొన్ని వేల కిలోమీటర్లు తిరిగాకే తెలుస్తుంది. ఇప్పుడు ఆ టైర్ల ట్రెడ్ సగం పైనే అరిగింది. పని చేస్తుంది, గట్టిగా చెప్తున్నా. కాకపోతే వణుకు ఎక్కడినుంచి వస్తుందో తేల్చుకోకుండా నేరుగా దీనికి వెళ్తే ఉపయోగం ఉండకపోవచ్చు, అందుకే ముందు ఆ తేల్చుకోవడం గురించే ఎక్కువ రాస్తున్నా.

నాది ఫ్రంట్ వీల్ డ్రైవ్ బండి, 185/65 ఆర్15 టైర్లు, బయట కొన్న అలాయ్ వీల్స్. 80 వరకు ఏ ఇబ్బందీ లేదు, 90 దాటగానే స్టీరింగ్ సన్నగా అటూ ఇటూ ఊగడం మొదలయ్యేది, 100 నుంచి 110 మధ్య అరచేతులు తిమ్మిరెక్కేంత వణుకు, 120కి వచ్చేసరికి మళ్ళీ తగ్గేది. స్పీడ్ పెరిగితే తగ్గుతుంది కదా అని చాలామంది వదిలేస్తారు, వదిలేయకండి. ఈ సైజు టైరు చుట్టుకొలత సుమారు 1.95 మీటర్లు, అంటే 100 స్పీడ్‌లో చక్రం సెకనుకి 14 సార్లు పైగా తిరుగుతుంది. చక్రం, హబ్ (చక్రం బిగించే మధ్య భాగం), దాన్ని బండికి కలిపే ఆర్మ్ కలిసిన ఆ బరువుకి కూడా సొంతంగా ఊగే వేగం ఒకటి ఉంటుంది, అది చాలా కార్లలో సెకనుకి 10 నుంచి 15 సార్ల మధ్యే, రెండూ కలిసినచోట వణుకు పెద్దదవుతుంది, ఆ స్పీడ్ దాటితే తగ్గినట్టు కనిపిస్తుంది అంతే, లోపం మాత్రం అక్కడే ఉంటుంది. టైర్ షాప్‌లో 20 గ్రాములు తేడా ఉంది అంటే చిన్న విషయంలా అనిపిస్తుంది గానీ రిమ్ అంచున ఉన్న ఆ 20 గ్రాములు 100 స్పీడ్‌లో దాదాపు 3 కేజీల బలంతో చక్రాన్ని లాగుతాయి, అదే 50 స్పీడ్‌లో అయితే అందులో నాలుగో వంతే. సిటీలో తెలియకుండా హైవే మీదే తెలిసేది అందుకే.

ఎవరి దగ్గరికైనా వెళ్ళేముందు డ్రైవర్ సీట్లో కూర్చునే సగం తేల్చుకోవచ్చు. నున్నగా, ఖాళీగా ఉన్న తిన్నటి రోడ్డు చూసుకుని ముందు వణుకు ఎక్కడ తెలుస్తుందో గమనించండి, చేతుల్లో స్టీరింగ్ ఊగుతుంటే ఎక్కువగా ముందు చక్రాలు, సీటు కిందా ఫ్లోర్‌లో తెలుస్తుంటే ఎక్కువగా వెనక చక్రాలు. తర్వాత వణుకుతున్న స్పీడ్‌లోనే యాక్సిలరేటర్ వదిలి న్యూట్రల్‌లో వేయండి (ఇంజిన్ మాత్రం ఆపకూడదు, ఆపితే పవర్ స్టీరింగూ బ్రేక్ బూస్టరూ పోతాయి), అది మాన్యువల్ గేర్ బండికి, ఆటోమేటిక్ అయితే యాక్సిలరేటర్ వదిలి చూస్తే చాలు. ఇంజిన్ ఆర్‌పీఎం పడిపోయినా వణుకు అలాగే ఉంటే అది చక్రాల వైపుదే, ఇంజిన్ మౌంటింగ్‌లు (ఇంజిన్‌ని బండికి పట్టి ఉంచే రబ్బరు బిగింపులు) మార్చమని ఎవరన్నా చెప్తే అప్పుడే వద్దనండి. గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడే వచ్చి వదిలేస్తే పోతుంటే ఆక్సిల్ లోపలి జాయింట్ మీద అనుమానం పెట్టుకోవాలి. బ్రేక్ వేసినప్పుడు మాత్రమే స్టీరింగ్ కొట్టుకుంటుంటే అది డిస్క్ మందంలో తేడా, దానికి ఎన్నిసార్లు బ్యాలెన్సింగ్ చేయించినా తగ్గదు. బండి చాలా రోజులు ఒకేచోట ఆగి ఉండి, బయల్దేరగానే వణికి, టైర్లు వేడెక్కేకొద్దీ తగ్గిపోతే ఆగినచోట టైరు అణిగింది అన్నమాట, దానికి ఏమీ చేయించక్కర్లేదు.

నాది న్యూట్రల్‌లోనూ ఉంది, బ్రేక్‌కి సంబంధం లేదు, సీట్లో తెలియదు. అంటే ముందు చక్రాలు.

ఇక అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) గురించి, ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. స్టీరింగ్ వణుకుతుంది అనగానే అలైన్‌మెంట్ చేయించు అంటారు. అలైన్‌మెంట్ తేడా ఉంటే బండి ఒక పక్కకి లాగుతుంది, స్టీరింగ్ వంకరగా నిలబడుతుంది, టైరు ఒక అంచున అరుగుతుంది, అంతేగానీ తిన్నగా 100లో వెళ్తుంటే వణుకు దానివల్ల నేరుగా రాదు. చాలా కాలం అలాగే తిరిగితే టైరు ఎగుడుదిగుడుగా అరిగి ఆ అరుగుదల వల్ల వణుకు రావచ్చు, అప్పుడు కూడా అలైన్‌మెంట్ సరిచేసినంత మాత్రాన ఆ అరిగిన టైరు గుండ్రం అవ్వదు కదా. లోయర్ ఆర్మ్ బుష్‌లు (ఆ ఆర్మ్ బిగించేచోట ఉండే రబ్బర్లు), టై రాడ్ ఎండ్‌లు (స్టీరింగ్‌ని చక్రానికి కలిపే జాయింట్లు) కూడా ఇంతే, లూజ్ అయితే మార్చాల్సిందే, అది సేఫ్టీ విషయం, కానీ అవి ఎక్కువగా చక్రంలో పుట్టిన వణుకుని పెద్దది చేసి చేతికి అందిస్తాయి. బండి జాక్ మీద ఎత్తి చక్రాన్ని పైనా కిందా, తర్వాత అటూ ఇటూ పట్టుకుని ఊపించి చూశాం, ఎక్కడా ప్లే (లూజు) లేదు, కాబట్టి వాటి జోలికి వెళ్ళలేదు.

మామూలు బ్యాలెన్సింగ్‌లో మెషీన్ రెండు వైపులా సున్నా, అంటే బరువు తేడా లేదని చూపించింది, హైవే ఎక్కితే వణుకు అలాగే. ఇలా జరగడానికి కారణాలు ఉన్నాయి. చక్రం మెషీన్ షాఫ్ట్ మీద సరిగ్గా మధ్యలో కూర్చోకపోతే వచ్చే సున్నాకి విలువ లేదు, దాన్ని పట్టుకోవడం తేలిక, సున్నా వచ్చాక నట్ వదులు చేసి చక్రాన్ని షాఫ్ట్ మీద సగం చుట్టు తిప్పి మళ్ళీ బిగించి తిప్పమనండి, అప్పుడు 10, 15 గ్రాములు చూపిస్తే బిగింపులోనే తప్పుంది. రిమ్ లోపల ఎండిన మట్టి ఉన్నా అంతే, దాంతోనే బ్యాలెన్స్ చేస్తే రేపు ఆ మట్టి రాలగానే మళ్ళీ మొదటికే. పాత స్టిక్కర్ వెయిట్లు (బరువు తేడా సరిచేయడానికి రిమ్‌కి అతికించే ముక్కలు) పీకకుండా వాటి మీద కొత్తవి పెట్టించుకోవద్దు.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా వణికే చక్రాలు ఉంటాయి, నాది అలాంటిదే. మామూలు మెషీన్ చక్రాన్ని గాలిలో తిప్పి బరువు తేడా ఒక్కటే చూస్తుంది. రోడ్డు మీద బండి బరువు పడినప్పుడు టైరు ఒక చోట మెత్తగా ఒక చోట గట్టిగా ఉంటే, ఆ గట్టి చోటు కిందికి వచ్చిన ప్రతిసారీ చక్రాన్ని పైకి తోస్తుంది, బరువు సమానంగా ఉన్నా తోస్తుంది, అది గాలిలో తిప్పితే ఎలా కనిపిస్తుంది? రోడ్ ఫోర్స్ మెషీన్‌లో ఒక పెద్ద రోలర్ టైరుని గట్టిగా అదిమి పట్టుకుని తిప్పుతుంది, ఆ తోసే బలం ఎంత మారుతుందో కేజీల్లోనో న్యూటన్లలోనో చూపిస్తుంది. కార్లకి సాధారణంగా 10, 12 కేజీల లోపు ఉంటే పర్వాలేదంటారు, కొన్ని బండ్లు ఇంకా తక్కువకే స్పందిస్తాయి. నా ముందు చక్రాల్లో ఒకటి 9 వచ్చింది, రెండోది 16. మామూలు మెషీన్‌లో మాత్రం ఆ 16 వచ్చిన చక్రం కూడా సున్నానే!

దానికి షాప్ వాళ్ళు చేసింది, నాకు బాగా నచ్చింది, టైరు మార్చమనకుండా ముందు రిమ్ ఎంత వంకర ఉందో కొలిచారు, తర్వాత టైరు ఊడదీసి రిమ్‌లో పల్లంగా ఉన్నచోటికి టైరులోని గట్టి చోటు వచ్చేలా తిప్పి ఎక్కించారు. 16 కాస్తా 7కి వచ్చింది. తర్వాతే వెయిట్లు పెట్టారు, అవి కూడా ముందుకంటే తక్కువ పట్టాయి. నాలుగు చక్రాల్లో తక్కువ వచ్చిన రెండూ ముందు, మిగతావి వెనక వేయించుకున్నా. ఇలా తిప్పినా తగ్గకపోతే అప్పుడు టైరో రిమ్మో మార్చక తప్పదు.

అయినా 110 దగ్గర ఇంకా కొంచెం మిగిలింది. బయట కొన్న అలాయ్‌లు చాలా బండ్లకి సరిపోయేలా మధ్య రంధ్రం పెద్దగా పెట్టి చేస్తారు, ఆ ఖాళీని నింపడానికి హబ్ రింగ్ అని చిన్న రింగ్ వేయాలి, నా చక్రాలకి ఒక పక్క ఆ రింగ్ లేనే లేదు. రింగ్ వేసి, హబ్ ముఖం మీద తుప్పు వైర్ బ్రష్‌తో గీకించి, చక్రం గాల్లో ఉండగానే నట్లు ఒకదాని తర్వాత పక్కది కాకుండా ఎదురెదురుగా బిగించి చివర్లో టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపించే పానా) మాన్యువల్‌లో ఇచ్చిన లెక్కకి బిగిస్తే ఆ మిగిలిందీ పోయింది. ఎయిర్ గన్‌తో దడదడా బిగించేస్తుంటే మాత్రం ఆపి అడగండి, ఎంత మంచి మెషీన్ మీద చేసినా చివర్లో చక్రం వంకరగా కూర్చుంటే ఏం లాభం.

ఇన్నాళ్ళ వాడకంలో ఎలా ఉందంటే, 90 నుంచి 120 వరకు స్టీరింగ్ నిలకడగా ఉంది, దూర ప్రయాణం చేసి దిగితే భుజాలు పట్టేయడం లేదు, టైర్లు కూడా వెడల్పంతా సమానంగా అరుగుతున్నాయి. మధ్యలో ఒకసారి గుంతలో గట్టిగా పడ్డాక వణుకు మళ్ళీ మొదలైంది, చూస్తే స్టిక్కర్ వెయిట్ ఎగిరిపోయింది, మామూలు బ్యాలెన్సింగ్‌తోనే పోయింది, మళ్ళీ రోడ్ ఫోర్స్ దాకా వెళ్ళాల్సిన పని పడలేదు.

ఇబ్బందులూ ఉన్నాయి. ఈ మెషీన్ అన్ని షాపుల్లో ఉండదు, ఉన్నచోట కూడా కొందరు రోలర్ వాడకుండా మామూలు పద్ధతిలో తిప్పి ఇచ్చేస్తారు, అందుకని పక్కనే నిలబడి ముందూ తర్వాతా ఒక్కో చక్రం నంబర్ ఫోటో తీసుకోండి. టైం కూడా బాగా పడుతుంది. ఇంకో విషయం, టైరు పక్కన ఉబ్బినా, తక్కువ స్పీడ్‌లోనే బండి అటూ ఇటూ ఊగుతున్నా టైరు లోపలి బెల్ట్ (స్టీల్ తీగల పొర) విడిపోయి ఉండొచ్చు, అలాంటి టైరుని ఏ మెషీన్ మీదా పెట్టించకండి, దాని మీద హైవే ఎక్కనూ వద్దు, వెంటనే తీసేయించి స్టెప్నీ వేసుకుని నెమ్మదిగా వెళ్ళండి.

పంక్చర్ పడి టైరు రిమ్ నుంచి ఊడదీయాల్సి వస్తే, తీసేముందే వాల్వ్‌కి ఎదురుగా టైరు మీద చాక్‌పీసుతో గీత పెట్టించి మళ్ళీ అదే గీతకి ఎక్కించమనండి, లేకపోతే అంత కష్టపడి కలిపిన చోటు పోతుంది, గీత పెట్టినా పంక్చర్ తర్వాత వెయిట్లు మాత్రం ఒకసారి చూపించుకోవాల్సిందే.