తుప్పు పట్టిన రేకు: మార్చడం మేలా, అతుకు మేలా?

అంతర్వేది, ఓడలరేవు, నరసాపురం దారుల్లో తిరిగే పాత మారుతి 800, అంబాసిడర్ కార్లు టింకరింగ్ షెడ్డుకు వచ్చేది ఎక్కువగా తుప్పుతోనే. ఈ రెండింటి తయారీ 2014లోనే ఆగిపోయింది కాబట్టి, రేకు మార్చాలా, అతుకు వేయించాలా అన్న ప్రశ్నకు ధర ఒక్కటే చూసి జవాబు చెప్పడం కుదరదు. పాడైన రేకు కారుకు బోల్టులతో బిగించినదా, వెల్డింగుతో అతికినదా అన్నది ముందు తేల్చుకోవాలి.

అంతకన్నా ముందు తుప్పు లోతు తెలియాలి. సముద్రపు గాలిలోని ఉప్పు, రొయ్యల చెరువుల దారుల్లో చక్రాలు ఎగజిమ్మే ఉప్పునీటి బురద, రేకుల మడతల్లో చేరి తేమను వదలకుండా పట్టి ఉంచుతాయి. అందువల్ల వెనుక చక్రం పైఅంచున రంగు కింద శనగగింజంత బుడగ కనిపించిందంటే, లోపలి వైపు అరచేయంత మేర రేకును తుప్పు ఇప్పటికే తినేసి ఉండవచ్చు. స్క్రూడ్రైవర్ పిడితో తడుతూ వెళితే మంచి రేకు ఖంగుమంటుంది, లప్పం నింపిన చోట మొద్దుగా పలుకుతుంది. అయస్కాంతం కూడా అక్కడ సరిగా అంటదు.

ముందు ఫెండర్లు (ముందు చక్రాల మీది రేకులు), బానెట్, తలుపులు, డిక్కీ మూత బోల్టులతో ఉండేవి. వీటికి చిల్లులు పడితే మార్చడమే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే ఫెండరుకు అతుకు వేసి, సాపు చేసి, లప్పం రుద్దే కూలి చాలాసార్లు వేరే ఫెండరు ధరకు దగ్గరగా వస్తుంది. అయితే బజారులో దొరికే నకలు రేకులు పలుచగా ఉండి, బోల్టు రంధ్రాలు కలవక, తలుపు పక్కన సందు ఒకచోట వెడల్పుగా, ఒకచోట ఇరుకుగా మిగులుతుంది. విజయవాడ ఆటోనగర్ వంటి చోట పాత కారు నుంచి విప్పిన అసలు రేకు దొరికితే, ముఖ్యంగా అది రాయలసీమ వంటి పొడి ప్రాంతంలో తిరిగిన బండిదైతే, కొత్త నకలు కన్నా దానికే నా ఓటు. తలుపు కొనేటప్పుడు మాత్రం కింది మడతను వేలితో తడిమి చూడాలి. తలుపులు కుళ్లేది అక్కడే.

తలుపుల కింది రన్నింగ్ బోర్డు, వెనుక చక్రం చుట్టూ ఉండే క్వార్టర్ ప్యానెల్, కాళ్ల కింది ఫ్లోరు సంగతి వేరు. ఇవి బాడీకి వెల్డింగుతో కలిసి, బరువు మోసే భాగాలు. మొత్తం కోసి తీసేటప్పుడు బాడీకి సరైన ఆధారం ఇవ్వకపోతే అది కుంగి, తర్వాత తలుపులు సరిగా మూసుకోవు. అందుకే తుప్పు ఒక మేరకే ఉంటే ఇక్కడ అతుకే మేలు, కానీ అది అతుకులా ఉండాలి. మెరిసే ఇనుము తగిలేదాకా కోసి, 20 గేజి సీఆర్ (కోల్డ్ రోల్డ్) రేకును ఆ ఖాళీకి సరిగ్గా కత్తిరించి, అంచుకు అంచు చేర్చి, సీఓటూ వెల్డింగుతో (కార్బన్ డయాక్సైడ్ వాయువు రక్షణలో తీగతో చేసే వెల్డింగు) ఒక చుక్క ఇక్కడ, ఒక చుక్క దూరంగా పెడుతూ చల్లారనిస్తూ పోవాలి. గ్యాస్ వెల్డింగు వేడి చుట్టూ పాకి పలుచని రేకును అలలు తేలుస్తుంది. తుప్పు మీదనే మరో రేకు కప్పి రివెట్లు కొట్టడం, ఫైబర్ అంటించి లప్పం పూయడం చవకే. కానీ రెంటి మధ్య తేమ నిలిచి కుళ్లు మరింత వేగంగా సాగుతుంది. వాటిని అతుకులని నేను లెక్కించను. సస్పెన్షన్ బిగించే చోటే తుప్పు తింటే మాత్రం ఏ అతుకూ పనికిరాదు, ఆ భాగాన్ని పూర్తిగా మార్చాల్సిందే.

ఏది ఎంచుకున్నా లోపలి వైపును వదిలేస్తే డబ్బు దండగే. కొత్త రేకు మీద వచ్చే నల్లని పూత ఒక్కటే మన తీరపు గాలికి చాలదు. లోపల రంగుకు ముందు పూసే ఎపాక్సీ ప్రైమరు, రేకులు కలిసే చోట్ల సందులు మూసే సీలెంటు, బోలు భాగాల్లో మైనపు స్ప్రే పడాలి. వాడేసిన ఇంజిన్ ఆయిల్ కొట్టించే అలవాటు కొందరికి ఉంది. అది దుమ్మును పట్టుకోవడమే కాక రబ్బరు బుష్‌లను పాడుచేస్తుంది. రన్నింగ్ బోర్డు కింది నీరు కారే రంధ్రాలు బురదతో పూడిపోకుండా చూడడానికి ఒక సన్నని తీగ చాలు.

వానాకాలంలో గీకిన ఇనుము గంటల్లోనే ఎర్రబడుతుంది కనుక ఈ పని సంక్రాంతి దాటాక పెట్టుకోవాలి. 15 ఏళ్లు నిండిన కారు ఆర్‌సీ పునరుద్ధరణ తనిఖీలో చాసిస్ నంబరు చూస్తారు. ఆ నంబరు చెక్కిన రేకును కోయవద్దని, దాని మీద లప్పం పూయవద్దని మేస్త్రీకి ముందే చెప్పాలి.